తాడుకు ఇవతల

అల్ ఖోర్ ఒడ్డున మే నెల.
బలదియా వాళ్ళు పచ్చ చొక్కా ఇచ్చిన్రు,
మెడకు ఈల, చేతికి నీలం తాడు చుట్ట.
"ఒక్కన్ని గూడ దాటనియ్యకు" అన్నడు ముదీరు,
"పిట్టలు గుడ్లు పెట్టినయ్."

పిట్ట అంటే ఎంత?
నా పిడికిట్ల పట్టేంత.
ఇసుక రంగు వీపు, మెడ పక్కన తెగిన నల్ల పట్టె.
వరి కోసినంక మా మడిల దిగే ఉల్లంకికి
చెల్లెలు అయితుండొచ్చు.
గూడంటే గూడు గాదు,
ఎవరి మడిమో దిగినట్టు చిన్న గుంట,
దాంట్ల నాలుగు గవ్వ పెంకులు, మూడు గుడ్లు.
మొదటి రోజు నేనే తొక్కబోయిన.
రెక్క ఇరిగినట్టు ఈడ్చుకుంట ఉరికింది తల్లి.
అయ్యో అని ఎంబడి పోయిన, ఇరవై గజాలు.
ఆడికి పోయినంక లేచి ఎగిరింది.
సిగ్గయింది. నవ్వూ వచ్చింది.
ముదీరును చూడంగనే జ్వరమని ముసుగు తన్నే
మా రూమోళ్ళు యాదికొచ్చిన్రు.

పగటి పూట అది పొదగదు, నీడ పడుతది.
ఎండ మండితే నీళ్ళకు పోయి
పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి
గుడ్ల మీద నిలబడుతది.
అది అలిసిందంటే ఇంకోటి వచ్చి డ్యూటీ ఎక్కుతది.
ఓవర్‌టైం అడిగింది లేదు.

జుమ్మ వచ్చింది.
క్యాంపుల నుంచి నాలుగు బస్సులు.
కోడికూర డబ్బాలు, పగిలిన బ్యాటు,
ఫోన్ల పిల్లల మొఖాలు,
ఆరు దినాల సిమెంటు ఇంకా గోళ్ళల్లనే.
ఎడమ దిక్కు హోటల్ గోడ, నీళ్ళ దాకా.
కుడి దిక్కు విల్లాల కంచె, నీళ్ళ దాకా.
నడుమ మిగిలింది గీ ముక్క.
ముక్క నడుమ నా తాడు.

రాయచోటి ఖాసింబీ
నల్ల అబాయా అంచు ఎత్తి పట్టుకొని నా ముందట నిలబడ్డది.
"ఏమబ్బా, పదైదు దినాలకు రెండు గంటలు ఇచ్చినారు నాకు.
నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుందామంటే తాడు కట్నావే?"
పిట్టల సంగతి చెప్పిన.
ఇన్నది. గుంట దిక్కు చూసింది.
"పిట్టకు తాడు కట్టినారు, బాగుంది.
మాకెవురు కడతారప్పా?"

నా దగ్గర జవాబు లేదు. ఈల ఉన్నది.
ఊదలే.

ముదీరు గీత స్కేలు పెట్టి గీసింది.
పిట్టలు స్కేలు చూసి పెట్టవు గుడ్లు.
నేనొక్కన్నే మెల్లగ గూడు దిక్కు నడిచిన.
పిట్ట తల లేపిన కాడ ఆగి
పది అడుగులు ఎనక్కి లెక్కపెట్టి
ఆడ పగిలిన బ్యాటు పాతిన.
ఇట్లనే ఇంకో రెండు గూళ్ళకు.
ఖాసింబీ చెప్పులు ఇడిచి తాడు అందిచ్చింది.
సాపుగున్న తాడు వంకర తిరిగింది,
హోటల్ గోడ పక్కన నలభై అడుగుల దారి తెరుసుకున్నది.
బస్సులోళ్ళు లైను కట్టిన్రు, ఎవలూ చెప్పకుంటనే.
మోకాళ్ళ దాకా నీళ్ళల్ల నిలబడి
ఆమె ఏమీ మాట్లాడలే.
రెండు గంటల్ల గంటన్నర తాడుకే పోయింది.

శనివారం ముదీరు వచ్చిండు.
"ఎవలు జరపమన్నరు?"
"పిట్ట, సార్."
తన బూట్లతోని తనే కొలిసిండు.
పిట్ట లెవ్వలే.
ఫోటో తీసుకున్నడు, నా ఒక రోజు జీతం కోసిండు,
తాడు మాత్రం అట్లనే ఉంచిండు.

అన్నీ మంచిగనే అయినయని చెప్పను.
ఒక గూడును పిల్లి మింగింది.
ఇంకో జుమ్మకు ఖాసింబీ రాలే, సెలవు దొరకలేదంట.
గోడ అయితే జానెడు గూడ వంగలే.

ఇయ్యాల పొద్దుగాల రెండు గుడ్లు పగిలినయ్.
పిల్లంటే దూది ఉండకు రెండు అగ్గిపుల్లలు.
తడి ఆరిందో లేదో లేచి ఉరికింది,
తాడు కింద నుంచి
మనుషుల దిక్కు.
దూరంగ బస్సుల దుమ్ము లేస్తున్నది.
ఈల నోట్ల పెట్టుకొని నిలబడ్డ.
ఎవర్ని ఆపాలె?