చిట్టీ లేని సున్నం

గడ్చందూర్ల నీళ్ళు కాగితే
కెటిల్ అడుగున తెల్లగా చెక్కు కడతది.
పక్కింటి వైశాలితాయి చెప్పింది:
నిమ్మ ఉప్పెయ్యి, ఒక్క పొంగు రానియ్యి,
గీకకు, జర ఓపిక పట్టు.

మూత తీస్తే బుసబుస.
పొర వదిలి
పెంకులు పెంకులుగా లేచింది.

పొద్దంతా కాంటా మీద
సున్నపురాయి లారీలు తూచేటోన్ని.
బండి నంబరు, బరువు, సంతకం.
చిట్టీ లేనిది గేటు దాటనియ్యను.

ఇది ఎట్ల దాటింది?

అరచేతుల పోసుకొని ఊపి చూసిన.
అర తులం ఉంటదేమో.
అంత గుట్టల
మా వాటాకు ఈ పిడికెడు కూడా కాదు.

ఒక్కపాలి తొలిచి చాయ్ పెట్టిన.
పాలు పోసుడే ఆలస్యం, విరిగినయి.

గ్లాసు ముందర పెట్టుకొని
రాజుబాయి అడిగింది:
"నిమ్మ ఉప్పు తూకమెయ్యలేదా, కాంటా సారూ?"