నూట యాభై రెండు గజాలు

కేడీ షెడ్డులో టీ తాగుతుంటే
ఫోన్ ఊపుకుంటూ పిళ్ళప్ప వచ్చాడు.
కొత్త టూరంట. ప్రపంచమంతటికీ ఒకటే టూరు.
పద్నాలుగు దేశాలు, నలభై ఎనిమిది మందే ఆటగాళ్ళు.
ఆఖరున వచ్చినవాడికి కూడా
దొమ్మలూరులో మూడంతస్తుల ఇల్లు లేచేంత డబ్బంట.
"ఎప్పుడు మొదలు?"
"ఇంకా తేలలేదు."
"ఎవరు పెడుతున్నారు?"
"అదీ తేలలేదు."
ఆలూ లేదు చూలూ లేదని చౌడప్ప నవ్వాడు గానీ
కొడుక్కి పేరు మాత్రం
తలొకటి పెట్టుకున్నాం ఆ పొద్దు.

నేను బ్యాగు మోసేది బిద్దప్పకి.
కొడగు మనిషి. మాట పొట్టి, స్వింగు పొడుగు.
ఈ దేశపు పట్టికలో పదకొండోవాడు.
పదకొండోవాడంటే
పెళ్ళిలో మొదటి పంక్తి నిండిపోయాక
తింటున్నవాళ్ళ వెనకాల నిలబడి
ఎవరు ముందు లేస్తారా అని చూసేవాడు.

నా చొక్కా జేబులో ఒక పుస్తకం ఉంది.
ఇరవై రెండేళ్ళుగా ఈ ఒక్క నేలనే రాసుకున్నాను.
నాలుగో హోలు: నిద్రగన్నేరు మొదలు నుంచి
జెండాకి నూట యాభై రెండు గజాలు.
తొమ్మిదో గ్రీను: కంటికి ఎడమ వాలు, బంతికి కుడి వాలు.
బంతినే నమ్ము.
పదమూడు: సాయంత్రం నాలుగు దాటితే చెరువు గాలి,
ఒక క్లబ్బు ఎక్కువ.
పదహారు: పాత విమానాశ్రయంలోంచి ఫైటర్ లేస్తుంది,
ఆ మోత ఆరేదాకా పట్టర్ ముట్టుకోనివ్వకు.
వానల్లో చెరువు నురగ ఎగిరొచ్చి బంకర్లో పడుతుంది.
దాని పక్కన ఏమీ రాయలేదు,
దానికి రూలు లేదు.

కన్నడం, తమిళం, అరకొర ఇంగ్లీషు
అన్నీ ఈ పద్దెనిమిది గుంతల మధ్యే నేర్చాను.
తెలుగు మాత్రం లోపల గొణుక్కోడానికి,
తప్పు క్లబ్బు అందించినప్పుడు.

నిన్న సాయంత్రం రేంజిలో
బకెట్టు బంతులు అయిపోయాక అడిగాడు:
"నీకు పాస్‌పోర్టు ఉందా?"
లేదన్నాను.
తీసుకో అనలేదు. సరే అన్నాడు.
చెమటకి ముడుచుకుపోయిన గ్లవ్వుని
వేలు వేలుగా సాగదీస్తూ కూర్చున్నాడు.
"పోతే, ఇక్కడివాళ్ళు మళ్ళీ రానివ్వరంట.
పోకపోతే..."
మిగతా సగం మాట
నెట్టుకి అవతల ఎక్కడో పడింది.
తొమ్మిదేళ్ళుగా ఏ దూరమైనా నన్నే అడిగాడు.
ఇదొక్కటి నాకు ఆనలేదు.

రాత్రి మురుగేశ్‌పాళ్య గదిలో
అక్కయమ్మ నేల మీద కాగితాలు పరిచింది.
ఆధార్ ఉంది. అద్దె కాగితం ఉంది.
పుట్టిన తేదీ దగ్గర ఆగాం.
ముళబాగిలు బళ్ళో చేర్చిన రోజు
అయ్యవారు ఆలోచించకుండా వేసిన జూన్ ఒకటి.
అది అబద్ధం కదే, అన్నాను.
"నీ టూరు కన్నా నయం,
కాగితం మీదైనా ఉంది" అంది.

ఆమె పడుకున్నాక పుస్తకం తీశాను.
కొత్త పేజీలో ఒక గుంత, ఒక జెండా గీశాను.
ఎడారో, సముద్రపు ఒడ్డో,
నేను ఏ భాషలో గొణుక్కోవాల్సిన చోటో.
దూరం అని రాసి ఖాళీ వదిలాను.
గాలి అని రాసి ఖాళీ వదిలాను.
నురగ అని రాసి, కొట్టేశాను.

పొద్దున ఐదున్నరకి వెళ్ళేసరికి
బిద్దప్ప నాలుగో హోలు మీద ఉన్నాడు.
మంచు. నిద్రగన్నేరు ఆకులింకా విచ్చుకోలేదు.
ఫోన్ మాట ఎత్తలేదు తను, నేనూ ఎత్తలేదు.
"ఎంత?" అన్నాడు, నిన్నటిదాకా అడిగినట్టే.
పుస్తకం చూసే పని లేదు.
అయినా చెయ్యి జేబులోకి పోయింది.
రాత్రి గీసిన పేజీ తెరుచుకుంది.
దాన్ని బొటనవేలితో మూసి
నూట యాభై రెండు, అన్నాను.