దినం తప్పించి దినం

బోరబండ లైనుకు ముప్పై ఏండ్లు
నీళ్లు ఇడిసిన చెయ్యి మా నాయినది.
ఇనుప తాళంచెవి ఎన్ని చుట్లు తిప్పితె
ఏ గల్లీల బిందె నిండుతదో
కాగితం చూడకుండ చెప్పేటోడు.

ఇప్పుడు కాగితమే చెప్తున్నది:
క్రియాటినిన్ ఆరు పాయింట్ రెండు.

ఎముకల మూలుగల పుట్టిన రోగం
కిడ్నీల జల్లెడకు అడ్డం పడ్డదట.
డయాలసిస్ దినం తప్పించి దినం,
మా గల్లీ నల్లా లెక్కనే.

రెడ్‌హిల్స్‌ల డాక్టరమ్మ మూడు మందులు కలిపి రాసింది:
పొట్టమీద సూది,
తెల్లారేదాక కన్ను మూయనియ్యని స్టెరాయిడ్,
మూడోది, కిడ్నీలు ఓర్సుకునేటంత,
సగం కన్న తక్కువ.

"గంత తక్కువ ఇడిస్తె చివరింటికి అందుతదా అమ్మా?"
ఆమె నవ్వలే.
"మెల్లగ అందుతది పెంటయ్యా,
ఒక్కసారే ఇడిస్తె పైపు పగుల్తది గద."
నాయిన తల ఊపిండు,
తోటి లైన్‌మన్ మాట ఇన్నట్టు.

రాత్రి మూడింటికి
మంచం మీద కూసొని
గాలిల చెయ్యి తిప్పుతున్నడు, చుట్లు లెక్కపెట్టుకుంట.
బయట నల్లా సప్పుడు మొదలైంది.

మూత్రం పట్టే సీసా మీద
నేను పెన్నుతోని గీతలు గీసిన.
నిన్న రెండో గీత.
ఇయ్యాల
దానికి వేలెడు పైన.