ముందుమాట

తర్లుపాడు రోడ్డులో పలకల షెడ్డు.
ఇర్మియా అంచులు అరగదీసేవాడు, నేను చెక్క ఫ్రేములు బిగించేదాన్ని.
జర్మనీ పోయే అట్టపెట్టెల మీది రాతలు చూసి చూసి
వాడొక భాష కట్టాడు.
పగిలిన పలకలే దాని నిఘంటువు.
గోడవారగా పేర్చి గోనెపట్టా కప్పేవాడు,
వానకి చెరిగిపోకుండా.

"ఏదెన్ అంటే ఊపిరి తీయడం, మార్తక్కా."
తోట పేరులాగుందే అన్నాను.
"తోట కాదు, క్రియ. దాని ముందు ఏం తగిలిస్తావో
అదీ లెక్క."

బె తగిలిస్తే బెయేదెన్:
రాయబోయే పలక మీది దుమ్ము ఊదడం.
ఒన్ తగిలిస్తే, పుట్టీపుట్టగానే బిడ్డ పెట్టే కేక.
మిట్ పెడితే,
ఒకే గదిలో పడుకున్న నలుగురి గురక.
మాది ఒకే గదని వాడికి తెలుసు.
ఫెర్ దగ్గర బలపం ఆగింది.
"ఫెరేదెన్. ఊపిరి ఖర్చయిపోవడం,
ఆఖరి పైసా దాకా."
ఆ వేళ షెడ్డులో అందరం దగ్గుతూనే ఉన్నాం.

మన తెలుగుకి ఇట్టాంటివి లేవా అంటే
"మనకి తోకలో ఉంటది విషం, తేలు మాదిరి" అన్నాడు.
ఊపిరి పోసింది, ఊపిరి పోయింది:
ఆ ఒక్క అక్షరం వచ్చేదాకా
చెవులప్పగించి నిలబడాల.
"నా భాషలో నోరు తెరవంగానే తెలిసిపోద్ది."
కాస్త గొప్పగానే చెప్పాడు.

వాళ్ళ నాయన దానియేలు రొమ్ములో
ముప్పయ్యేళ్ళ క్వారీ.
ఒంగోలు పెద్దాసుపత్రి నుంచి చెల్లెలు సలోమి ఫోను.
చేతుల నిండా బురద, మోచేత్తో స్పీకరు నొక్కాడు.
"అన్నా, రాత్రి నాయనకి ఊపిరి..."
సిగ్నలు పోయింది.

మిషను ఆపేశాం.
వాడు ఫెర్ అనలేదు. వాడి భాషలో ఏమీ అనలేదు.
తెలుగులోనే,
"మాట ఇంకా అవలేదు గదా, అవలేదు గదా" అంటా
తోక రాని వాక్యాన్ని పట్టుకుని వేలాడాడు.
పదకొండు నిమిషాలు.
గడియారం నా ఎదురుగ్గానే ఉంది.

నాయన ఆ రాత్రి పోలేదు. గొట్టం పెట్టారంట.
చింత పూతకొచ్చినప్పుడు పోయాడు.

దినాలయ్యాక షెడ్డుకొచ్చి
ఇర్మియా ఒక పలక చెక్కాడు:
ఏదెన్, దాని ముందు చిన్న గీత,
గీతకి ముందు ఖాళీ.
ఇదేంది, ఏమీ తగిలించలేదే అన్నాను.
"అదే దాని అర్థం."

మిషను వేసుకున్నాడు.
గోనెపట్టా కప్పడం మర్చిపోయాడు, నేనే కప్పాను.