తప్పు లేదు

అనంతపురం సాయినగర్‌లో, మిద్దె మీద రేకుల షెడ్డు.
మధ్యాన్నం రెండింటికి ఆ రేకుల కింద
ఇంగ్లీషు కూడా ఉడుకుతుంది.
హుసేనప్ప సారు వాక్యాన్ని బోర్డు మీద
ఏ, బీ, సీ, డీ అని నాలుగు ముక్కలు చేస్తాడు,
పొట్టేలును పాళ్లు వేసినట్టు.
"ఏ ముక్క చెడింది? ముప్పై సెకన్లు. చెప్పండప్పా."

ఈచ్ ఆఫ్ ద బాయ్స్ హ్యావ్.
అంతమంది పిల్లోళ్లు కనపడుతుంటే
క్రియ ఒక్కడికే ఎట్ల వంగుతుంది?
"వెనక గుంపును చూడొద్దు, ముందర నిలబడినోణ్ణి చూడు."
సరే, చూసినా. హ్యాజ్.

'ద' యాడ పెట్టాలో మాత్రం రెండేండ్లయినా తెలిసిరాలేదు.
మా ఇంట్లో సూర్యుడు ఉత్త సూర్యుడే,
ముందర బంట్రోతు లేకుండానే వచ్చేవాడు.

తెలుగులో అయితే నాకు సూత్రం అక్కర్లేదు.
"మా నాయన వచ్చింది" అని ఎవరన్నా అంటే
చెవిలో ఇసుక పడుతుంది.
ఎవరు నేర్పినారు?
అవ్వ బొరుగులు పెడతా పెడతా పోసింది, అంతే.

నాయన తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు.
లారీకెక్కించే ముందు ప్రతి బండనూ
మధ్యవేలి కణుపుతో ఒకసారి కొడతాడు.
మంచిది గంట మాదిరి పలుకుతుంది.
చీలిక ఉన్నది, దగ్గు మింగినట్టు.
"కంటికి కనపడదు పాపా, పలుకులో ఉంటాది."
ఇంగ్లీషు వాక్యాన్ని నేనూ కొట్టి చూస్తా.
అన్నీ ఒకే మాదిరి మోగుతాయి.

ఐదో గడి ఒకటుంటుంది: తప్పు లేదు.
ఏడు మాక్ టెస్టుల్లో ఒక్కసారీ దాన్ని నింపలేదు నేను.
బాగున్న వాక్యాన్ని గోకి గోకి
ఏదో ఒక ప్రిపోజిషన్ మీద నేరం మోపినా.
తప్పుకు పావు మార్కు కోత.
నోట్‌బుక్ వెనకట్ట మీద లెక్కేస్తే
అనుమానానికే పోయినాయి ఆరున్నర మార్కులు.

నిన్న బోర్డు మీద:
వియ్ హ్యావ్ బీన్ వెయిటింగ్ ఫర్ రెయిన్ సిన్స్ జూన్.
"తప్పు లేదు" అన్నాడు సారు.
చెయ్యెత్తినా.
"సార్, వియ్ అంటే మనమా, మేమా?"
క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు.
చాక్‌పీసు ముక్కను వేళ్ల మధ్య తిప్పి తిప్పి
"ఆ తేడా వాళ్లకు లేదమ్మా" అన్నాడు.
కిటికీలోంచి ఆకాశం దిక్కు చూసి,
"నువ్వు మనం అనే చదువుకో."

ఈ పొద్దు ఎనిమిదో టెస్టు. నలభైమూడో ప్రశ్న.
ఒకసారి చదివినా.
కణుపుతో బెంచీని టక్కుమని కొట్టినా,
పక్కన కూర్చున్న మద్దమ్మ ఉలిక్కిపడి చూసింది.
రెండోసారి చదవకుండా
ఐదో గడి నింపినా.

సాయంత్రం కీ చూసుకుంటే అది తప్పే.
బీ ముక్కలో ఒక 'ద' ఎగిరిపోయింది,
ఎప్పటిమాదిరే నాకు కనపడలేదు.

నాయనకు ఫోన్ చేసినా.
"నీ చేతికింద పగిలిన బండ ఎప్పుడన్నా దాటిపోయిందా?"
"పోకుండా ఉంటాదా పాపా" అన్నాడు,
అవతల రంపం మోత ఆగేదాకా ఆగి.
"యాడో ఎవురింట్లోనో పరిచే ఉంటారు.
దాని మీదా నడస్తానే ఉంటారు."