తళతళ

ట్రియెస్టెలో లివియో మంగలి దుకాణం.
అద్దాల నడుమ గాజుతొట్టి,
అందులో ఉప్పునీళ్ళు మూడ్రోజులుగా
కుడితి.

ఉప్పు కొలిచాడు, సరిగానే ఉంది.
మేత తగ్గించాడు. బొగ్గుసంచి మార్చాడు.
సగం నీళ్ళు తోడి కొత్తవి పోశాడు.
తెల్లారేసరికి మళ్ళీ మబ్బు,
ఈసారి పసుపు జీరతో.

రేవులో పనిచేసి మానేసిన డ్రాగో
సబ్బునురగలోంచి అడిగాడు:
"ఫిల్టరు స్పాంజి ఎప్పుడు ఉతికావు?"
"ఆదివారం. కొళాయి కింద. తళతళలాడేలా."

డ్రాగో నవ్వలేదు,
మెడ మీద కత్తి ఉంది కదా.
"కంటికి ఆనని కాపురాలుండేవి అందులో,"
అన్నాడు మెల్లగా.

లివియో కత్తి తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు.

ఆ పైన ఏమీ చేయకపోవడమే పని.
చెయ్యి దురదపెట్టినా
తొట్టి జోలికి పోలేదు.
గాలిగొట్టం మాత్రం బుడబుడ.

తొమ్మిదో రోజు
ఎవరిదో సగం జుట్టు దగ్గర కత్తెర ఆగింది.
మసకలోంచి ఒక నారింజ తోక,
కాసేపటికి
చేప.