పటిక

స్ఫటికం అనాలె సైదులూ, అని మేడం పదిసార్లు చెప్పింది.
నా నాలుకకు అది ఎన్నడూ ఎక్కలే.
పటిక అనేటోణ్ణి.
ఆఖరికి ఆమే నవ్వి, పటికే కానియ్యి,
అదే మాట అరిగరిగి ఇట్లయింది, అన్నది.

గంజి అండాలు మేడం. ఊరు చండూరు.
మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసున్న నాయినకు
కండెలు చుట్టిచ్చిన చేతులు.
అందుకేనేమో,
వెంట్రుకంత సన్నటి గాజు గొట్టంల
పొడి నింపేటప్పుడు ఆ చేతులు వణికేటివి కావు.
పక్కన నేను ఊపిరి బిగవట్టేది.
ఊపిరి తీస్కో, ఎగిరిపోతే మల్ల నూరుకుందాం, అనేది.

నల్లగొండ కాలేజీల మెట్ల కింది అర్ర మాది.
హైదరాబాదోళ్లు వద్దని పక్కకు పెట్టిన ఎక్స్‌రే మిషను
డీసీఎంల గడ్డి పరిచి తెచ్చినం.
నార్కట్‌పల్లి కాడ టైరు పగిలింది.
మేడం బండి దిగలే.
గుడ్డల చుట్టిన ట్యూబును ఒళ్లె పెట్టుకోని
రెండు గంటలు అట్లనే కూసున్నది.

కరెంటు నిలకడగ ఉండేది రాత్రి పదకొండు దాటినంకనే.
కిటికీకి నల్ల గుడ్డ, ఎర్ర బుగ్గ,
ట్రేలల్ల ముక్కుకు కొట్టే నీళ్లు.
అండ్ల ఫిలిం ఆడిస్తుంటే
ఒక్కొక్క గీత తేలేది,
ఎవరో లోపలి నుంచి నిదానంగ రాస్తున్నట్టు.

పేపరు అచ్చయితే తెచ్చి చూపెట్టేది.
ముందు ఢిల్లీ సారు పేరు, నడుమ ఇంకెవరో,
ఆమె పేరు కొసకు.
ఇదేంది మేడం అంటె
గొట్టం నింపిన చెయ్యి ఎవరిదో గీతలకు ఎరుకే, అన్నది.
కోపం లేదని కాదు.
ఆ దినం రెండు బీకర్లు పగిలినయి.

ఒకనాడు మర్రిగూడ దిక్కు నుంచి జంగమ్మ అని ఒకామె వచ్చింది.
నడుము మడత పడ్డది. మా మొకాలు చూడాలంటె
మెడ పక్కకు తిప్పాలె.
కొంగు ముడి ఇప్పి, ఊడిన పన్ను బల్ల మీద పెట్టి
డాక్టర్లు నన్నే చూస్తున్రు గని దీన్ని చూస్తలేరు,
నువ్వు చూడు బిడ్డా, అన్నది.

నూరినం. రాత్రంత మిషను నడిచింది.
తెల్లారి మేడం భూతద్దం పెట్టి, స్కేలు పెట్టి,
చానసేపు మాట్లాడలే.
బోరు నీళ్లల్ల ఫ్లోరైడు ఎముకల దూరి
అక్కడున్నదాన్ని లేపి, దాని పీట మీద అది కూసుంటదట.
అప్పుడు గీత వెంట్రుకవాసి జరుగుతది.
గీత సన్నగ, పదునుగ ఉంటె మాత్రం
పటిక లోపల వరుస బాగున్నట్టు లెక్క.
ఇవి సూది గీతలు.
ఇంత మంచి స్ఫటికం నా సర్వీసుల చూడలే సైదులూ,
అన్నది మేడం.
అని, తన నోటిమీద తనే చెయ్యి పెట్టుకున్నది.

రాత్రి వరండలనే పండుకున్న జంగమ్మ
అప్పుడే గోడ పట్టుకోని లేస్తున్నది.
ఏం కనవడ్డది బిడ్డా?
నీళ్లు కనవడ్డయి అవ్వా.

ఇగ అప్పటి సంది పండ్లే పండ్లు.
మునుగోడు, నాంపల్లి, చింతపల్లి,
నేను అగ్గిపెట్టెలల్ల తెచ్చేది.
మూడువందల పన్నెండు ఫిలింలు.
కలెక్టరాఫీసుల ఒకాయన
ఫిలింను తలకిందులుగ పట్టుకోని, అర్థమైందన్నడు.
తర్వాత కొన్ని ఊళ్లకు కృష్ణ నీళ్లు వచ్చినయి.
మా ఫిలింల వల్లనే అని మేడం ఎన్నడూ అనలే.
నేను అన్న, చాయ్ హోటల్ల, చానమందికి.

రిటైరయిననాడు పెట్టె నా చేతిల పెట్టి పోయింది.
ప్రతి ఫిలిం మీద ఊరు, ఆడో మగో, వయసు.
ఆఖరుదాని మీద
చండూరు, ఆడ, యాభై ఎనిమిది.

నాకు యాదికున్నది.
ఆ వారం మేడం ఒక్క దిక్కే నమిలింది.
గొట్టం నింపేటప్పుడు
మొదటిసారి నన్ను బయట నిలబడమన్నది.

గీత జరిగిందా లేదా,
భూతద్దం పెడితే నాకూ తెలుస్తది.
ఆమే నేర్పింది.
ఇంకా పెట్టలే.